ద్వీపయాత్ర: తిరుగుప్రయాణమునుండి మొదలిడవలసిన లెక్క

'ద్వీపాంతరము' అను మాట వినినంతనే మన తాతల కాలమున గుండెలు జల్లుమనెడివి. ద్వీపాంతరవాస శిక్ష యనగా సముద్రము దాటించి అండమాను దీవులకు పంపుట. పోయినవారు మరల వత్తురను ఆశ ఇంటివారికి ఉండెడిది కాదు. 1858లో ఆ దీవులయందు ఖైదీల నివాసము నెలకొల్పబడినది. 1922-24 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన్యవీరులలో కొందరిని సైతము అచ్చటికే పంపిరి. నేడు అదే దీవులకు మన పిల్లలు సెలవు దినములలో పోవలెననియు, తెల్లని ఇసుకలో ఆడుకొనవలెననియు, నీట మునిగి పగడపు దిబ్బలను కన్నులార చూడవలెననియు ముచ్చట పడుచున్నారు. ఒకనాడు భయముగొలిపిన మాట నేడు వేడుకగొలుపుట సంతోషింపదగిన విషయమే.

ఐతే వేడుకకును ఒక క్రమము కావలయును. భంజనగరము, ఆస్కా, బరంపురము ప్రాంతములయందలి మన కుటుంబములు తీర్థయాత్రల కలవాటు పడినవి. పూరీకో, సింహాచలమునకో, తిరుపతికో పోవునపుడు బయలుదేరు దినము నిశ్చయించుకొని, రైలు టిక్కెట్టు కొనినచో పని చాలవరకు ముగిసినట్లే. ఒక రైలు తప్పినచో మరియొక రైలు గలదు. చిన్న ద్వీపమునకు పోవునపుడు ఈ పద్ధతి చెల్లదు. అచ్చట దారి సముద్రము. ఆ దారి గాలివానకు మూతపడును. పైగా నీటిలో మునిగినవాడు మరునాటి వరకు విమానమెక్కరాదను నియమము గలదు. కావున మేము ముఖ్యముగ చెప్పదలచినది ఇది: ద్వీపయాత్రకు లెక్క బయలుదేరు దినమునుండి గాక, తిరిగివచ్చు దినమునుండి వెనుకకు కట్టవలయును. ఏల అట్లు కట్టవలయునో ఈ క్రింద వివరింతుము.

ఏ దీవికి పోవలయును?

అండమాను నికోబారు సముదాయమున దీవులు, రాతి తిన్నెలు కలిపి ఎనిమిది వందలకు పైగా గలవు. అందు మనుష్యులు నివసించునవి కొన్ని పదులు మాత్రమే. ముఖ్యపట్టణమగు పోర్టు బ్లేయరునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురము అని పేరు మార్చిరి. అంతకు పూర్వమే, 2018 డిసెంబరు 30వ తేదీన, హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీపమనియు, నీల్ దీవికి షహీద్ ద్వీపమనియు నామకరణము జరిగినది. టిక్కెట్లయందును, పటములయందును పాత పేర్లు, క్రొత్త పేర్లు రెండును కానవచ్చును గనుక తల్లిదండ్రులు రెండింటిని గుర్తుంచుకొనుట మేలు.

నీట మునుగుట నేర్చుకొనుటకును, సముద్రతీరమున విశ్రమించుటకును కుటుంబములకు అనువైనది స్వరాజ్ ద్వీపము. అది శ్రీవిజయపురమునకు ఈశాన్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. వైశాల్యము ఇంచుమించు 92 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము జనసంఖ్య ఆరు వేల మూడు వందలకు పైచిలుకు. దేశవిభజనానంతరము తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులు అడవి నరికి ఊళ్లు కట్టుకొనిన దీవి యిది. ఆ ఊళ్ల పేర్లు గోవిందనగరము, విజయనగరము, శ్యామనగరము, కృష్ణనగరము, రాధానగరము. పడమటి ఒడ్డుననున్న రాధానగర తీరము 2020లో మన పూరీ తీరముతోను, విశాఖ ఋషికొండ తీరముతోను పాటు 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు పొందినది.

షహీద్ ద్వీపము ఇంకను చిన్నది. అచ్చట భరతపురము, లక్ష్మణపురము, సీతాపురము, రామనగరము అను తీరములు గలవు. రామాయణము వినియున్న పిల్లలకు ఈ పేర్లు ఒక్కసారి చెప్పిన చాలును, మరువరు. భరతపురమున అడుగున అద్దము పరచిన పడవలో కూర్చుండి, ఒడలు తడియకయే పగడములను చూడవచ్చును. ఈత రాని తాతమ్మలకును, పసిపిల్లలకును ఇది తగిన వినోదము.

మన తీరమున పగడములు ఏల లేవు?

"గోపాలపురమున సముద్రము లేదా? అంత దూరము పోనేల?" అని పెద్దలు అడుగుట సహజము. ఇందుకు సమాధానము పిల్లలకు మంచి పాఠమగును. పగడము రాయి కాదు, చెట్టును కాదు; అది ఒక చిన్న జంతువు. వేలకొలది జంతువులు ఒకదానిప్రక్క నొకటి సున్నపుగూడు కట్టుకొని జీవించును. వాని దేహమునందు కంటికి కానరాని నాచు వసించి, సూర్యరశ్మితో ఆహారము వండి పెట్టును. కావున పగడమునకు వెచ్చని నీరు, ఉప్పదనము, వెలుతురు ప్రసరించు నిర్మలత్వము అను మూడును కావలయును. మన తీరమున ఋషికుల్య, మహానది మొదలగు నదులు మంచినీటిని, ఒండ్రుమట్టిని తెచ్చి కలుపుచున్నవి. నీరు మసకబారును, ఉప్పదనము తగ్గును. అందువలన గోపాలపురమున కెరటములు గలవు గాని పగడపు దిబ్బలు లేవు. పెద్ద నదులు లేని చిన్న దీవుల చుట్టును నీరు తేటగా నుండుటచే అవి అచ్చట పెరుగుచున్నవి.

మన తీరమునకు మరియొక భాగ్యము గలదు. ఋషికుల్యా సంగమమున వేసవి ముంగిట తాబేళ్లు వేలకొలదిగ వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. దీవులకు పోకముందు పిల్లలకు ఇది చూపించి, ఆ జంతువులకు వెలుతురు, అలజడి కలిగింపకుండ దూరముగ నిలుచుట నేర్పినచో, పగడపు దిబ్బవద్ద ఎట్లు మెలగవలయునో మరల చెప్పనక్కరలేదు.

కాలనిర్ణయము

అండమానున నైరృతి ఋతుపవనము సాధారణముగ మే మూడవ వారమున ప్రవేశించి సెప్టెంబరు వరకు కురియును. ఆ పిమ్మట అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము. జనవరి మొదలు ఏప్రిలు వరకు సముద్రము నెమ్మదిగ నుండి నీరు తేటపడును. చిక్కేమనగా, ఆ నాలుగు మాసములే మన పిల్లలకు చదువు ముమ్మరముగ సాగు మాసములు. దసరా సెలవులు తుపానుల కాలమున వచ్చును. డిసెంబరు చివరివారము సెలవులైనను, దేశమంతయు అచ్చటికే తరలివచ్చుటచే వసతి దొరకుట కష్టము, ధరలును హెచ్చు. కావున వేసవి సెలవుల తొలిదినములు, అనగా ఏప్రిలు చివరివారము, మే మొదటివారము, మన కుటుంబములకు తగినవని మా అభిప్రాయము. ఎండ హెచ్చుగ నుండును; మధ్యాహ్నము నీడపట్టున గడపవలయును.

తుపానులను గూర్చి గంజాం జిల్లావారికి వేరుగ చెప్పనేల? 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిను తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినపుడు మన ఊళ్లు పడిన అవస్థ అందరికిని తెలిసినదే. ఆ తుపాను మనలను చేరుటకు మూడు దినములు ముందు అండమాను దీవులను దాటివచ్చినది. వారి ఆకాశమును, మన ఆకాశమును ఒక్క సముద్రమే కలుపుచున్నది. 2016 డిసెంబరు మొదటి పక్షమున గాలివానవలన ఓడల రాకపోకలు నిలిచి, హావ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యికి పైబడిన యాత్రికులు చిక్కుకొనిరి. తుదకు నౌకాదళమువారు ఓడలను పంపి వారిని ఒడ్డు చేర్చిరి. ఆ యాత్రికులలో ఎందరికో విమానములు తప్పియుండును. మంచి మాసములందును గాలి ఒక్కొక్క దినము వీచవచ్చును. ప్రయాణమున ఒక దినము ఖాళీగ విడిచిపెట్టుట దుబారా యని తలచువారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక.

ప్రయాణమార్గములు

ఒకప్పుడు గోపాలపురపు రేవునుండి ఆవిరి ఓడలు రంగూనునకు పోవుచుండెను. మన జిల్లానుండి వేలాది జనము బ్రతుకుతెరువు కొరకు ఆ ఓడలలో పోయిరి. నేడు ఆ రేవునుండి యాత్రికుల ఓడలు లేవు. అండమానునకు ఓడ ఎక్కవలెనన్నచో విశాఖపట్టణమో, కలకత్తాయో, చెన్నయో పోవలయును. విశాఖనుండి సముద్రమార్గము సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రాత్రులకు మించి గడపవలసియుండును. ఓడ తేదీలు స్థిరముగ నుండవు. ముందుగ ప్రకటింపబడినవియు మారుచుండును. తీరిక గలవారికి ఓడప్రయాణము మంచిదే గాని, బడి తెరచు దినము దగ్గరపడు కుటుంబములకు విమానమే మేలు. కలకత్తా, చెన్నైల నుండి విమానము రెండు మూడు గంటలలో శ్రీవిజయపురము చేర్చును.

భంజనగరమునుండి బరంపురము సుమారు 80 కిలోమీటర్లు. బరంపురము హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గము మీద నున్నది గనుక, రాత్రి బండి ఎక్కినచో తెల్లవారునప్పటికి హౌరా చేరవచ్చును. ఐతే రైలు దిగిననాడే విమానమెక్కు ఏర్పాటు చేసికొనరాదు. బండి నాలుగు గంటలు ఆలస్యమైనచో యాత్రయంతయు తలక్రిందులగును.

శ్రీవిజయపురమునుండి స్వరాజ్ ద్వీపమునకు ప్రభుత్వపు ఓడలును, ప్రయివేటు వేగనౌకలును గలవు. వేగమునుబట్టి గంటన్నర మొదలు రెండున్నర గంటలు పట్టును. ప్రతివారును ఫొటో గల గుర్తింపుకార్డు చేతనుంచుకొనవలయును. పిల్లలకును కార్డు అవసరము. ఓడలో తల త్రిప్పువారు వైద్యుని అడిగి మాత్ర ముందుగనే వేసికొనవలయును. వాంతులు మొదలైన పిమ్మట వేసికొనిన మాత్ర పనిచేయదు.

ఇంకొక విశేషము. ఆ దీవులు మనకు తూర్పుగ ఇంచుమించు 8 రేఖాంశముల దూరమున నున్నవి. గడియారము మాత్రము మనదే. ఒక్కొక్క రేఖాంశమునకు నాలుగు నిమిషముల చొప్పున లెక్కించినచో, సూర్యుడు అచ్చట అర్ధగంట ముందుగ ఉదయించి ముందుగ అస్తమించునని పిల్లలే చెప్పగలరు. శీతకాలమున సాయంకాలము అయిదు గంటలు దాటగనే చీకటి పడును. కావున వేకువనే లేచి పనులు ముగించుకొనుట అచ్చటి రివాజు.

నీటిలోపలి నియమములు

నీటిలో చూచుటకు రెండు విధములు గలవు. మొదటిది నీటిపై బోర్ల తేలుచు, ముఖమునకు అద్దము తగిలించుకొని, స్నార్కెల్ అను గొట్టముద్వారా ఊపిరి పీల్చుచు చూచుట. రెండవది వీపునకు సిలిండరు కట్టుకొని లోనికి దిగుట. దీనినే స్కూబా యందురు. సిలిండరులో ప్రాణవాయువు మాత్రమే యుండునని చాలమంది తలంతురు. అది పొరపాటు. వినోదము కొరకు దిగువారి సిలిండరులో సాధారణముగ నుండునది మనము పీల్చు గాలియే. దానిని అధికపీడనముతో అదిమి నింపుదురు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాఁ అనువారు, ఊపిరి పీల్చినపుడు మాత్రమే తగిన పీడనముతో గాలి నందించు సాధనము నిర్మించుటచే ఈ విద్య సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు పీడనము పెరుగును. నీటిపై ఒకటి యున్నచో 10 మీటర్లవద్ద రెండు, 20 మీటర్లవద్ద మూడు. పీడనము రెట్టింపైనచో గాలి పరిమాణము సగమగునని పిల్లలు బాయిలు సూత్రమున చదివియే యుందురు. ఆ సూత్రమునుండియే మునుగువారి నియమములన్నియు పుట్టినవి.

మొదటిది చెవి నియమము. ఒకటి రెండు మీటర్లు దిగగనే కర్ణభేరిపై ఒత్తిడి తెలియును. ముక్కు మూసికొని మెల్లగ గాలి ఊదినచో చెవులు సమపడును. నొప్పి పుట్టకముందే ఇది చేయవలయును. జలుబు చేసినవారికి ఆ దారి మూసికొనియుండును గనుక వారు ఆ దినము నీటిలో దిగనేరాదు. "ఇంత దూరము వచ్చితిమి, డబ్బు కట్టితిమి" అని బలవంతముగ దిగినచో చెవి చెడును.

రెండవది ఊపిరి నియమము. 10 మీటర్ల లోతున నిండుగ పీల్చిన గాలి నీటిపైకి వచ్చునప్పటికి రెట్టింపగును. ఊపిరి బిగబట్టి పైకి వచ్చువాని ఊపిరితిత్తులు ఆ గాలికి తాళజాలవు. అందుచే స్కూబాలో ఎన్నడును ఊపిరి బిగబట్టరాదు. నిరంతరము పీల్చుచు విడుచుచు మెల్లగ పైకి రావలయును. చెరువులో ఊపిరి బిగించి మునుగుట అలవాటైన మన పిల్లలకు ఈ సంగతి పదిసార్లు చెప్పినను తప్పులేదు.

మూడవది నత్రజని నియమము. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే. పీడనము క్రింద అది రక్తమునను కండలలోను కరగును. పైకి వచ్చిన పిమ్మట గంటలకొలది కాలములో మెల్లగ వెడలిపోవును. సోడాసీసా మూత ఒక్కసారిగ తీసినపుడు బుడగలు పొంగుట మనము చూతుము గదా! నీటినుండి వడివడిగ పైకి వచ్చినను, వచ్చినవెంటనే విమానమెక్కినను దేహమున అట్టి బుడగలు పుట్టి కీళ్లనొప్పి, తిమ్మిరి, ఒక్కొక్కప్పుడు పక్షవాతము కలిగించును. విమానములోపలి పీడనము నేలమీదికంటె తక్కువ. అది రెండువేల మీటర్లకు పైబడిన కొండమీద నుండుదానికి సమానము కావచ్చును. అందువలన ఒక్కసారి మునిగినవారు 12 గంటలును, పలుమార్లు మునిగినవారు 18 గంటలును విమానమెక్కరాదని వైద్యులు నిర్ణయించిరి. కుటుంబములు ఒక పూర్తి దినము విడిచినచో ఏ సందేహమును ఉండదు. మునిగిన పిమ్మట కీళ్లనొప్పియో, తిమ్మిరియో తోచినచో అలసటయని ఊరకుండక వెంటనే శిక్షకునకును వైద్యునకును చెప్పవలయును. అట్టి రోగికి చికిత్స చేయు పీడనపు గది దగ్గరలో ఎచ్చట గలదో శిక్షణకేంద్రమువారిని ముందుగనే అడిగి తెలిసికొనుడు. ఈ ప్రశ్నకు తడుముకొను కేంద్రమును విడిచి మరియొకదానిని వెదకుట మంచిది.

వయస్సు, ఆరోగ్యము, ఈత

స్కూబాకు అంతర్జాతీయ శిక్షణసంస్థలు సామాన్యముగ పది సంవత్సరముల వయస్సు కనిష్ఠముగ పెట్టుకొనినవి. ఈత రానివారిని సైతము శిక్షకుడు చేయి పట్టుకొని, 12 మీటర్లకు మించని లోతునకు తీసికొనిపోవు పద్ధతి గలదు. పదేండ్లలోపు పిల్లలకు మొలలోతు నీటిలో స్నార్కెల్, అద్దపు పడవ చాలును. పది నిండినను, దిగుటకు భయపడు బిడ్డను బలవంతపెట్టరాదు. నీటిలోపల భయపడినవాడు నియమములన్నియు మరచి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చుటకు యత్నించును.

దిగుటకు ముందు ఆరోగ్యమును గూర్చిన ప్రశ్నలపత్రము నింపవలయును. ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు, చెవి శస్త్రచికిత్స మొదలగువానిని దాచరాదు. ఒక్క ప్రశ్నకు అవునని వ్రాసినను, వైద్యుని సంతకము లేనిదే దింపకపోవచ్చును. చిన్న దీవిలో అట్టి వైద్యుని వెదకుట కష్టము. కావున ఆ పత్రము ముందుగ తెప్పించుకొని, వైద్యకళాశాల గల బరంపురమునందే చూపించుకొని, సంతకము చేయించుకొనిపోవుట యుక్తము. గర్భిణీస్త్రీలు స్కూబా చేయరాదు.

ఈత మాట మరియు ముఖ్యము. యాత్రకు ఆరు మాసములు ముందే పిల్లలను ఈతకు పంపుడు. గోపాలపురపు కెరటములలో ఈత నేర్పబూనుట ప్రమాదకరము. అచ్చట ఒడ్డునకు వచ్చిన నీరు ఒక పాయగ కూడి సముద్రములోనికి వడిగ లాగును. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఈదినచో అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈది, ఆ పాయ దాటిన పిమ్మటనే ఒడ్డు చేరవలయును. ఈ ఒక్క మాట ఇంటిలో అందరును నేర్చినచో, అండమానునకు పోయినను పోకున్నను మేలే. మన భంజనగరపు జలాశయమునందును పెద్దలు వెంటలేనిదే పిల్లలను దింపరాదు.

పదిదినముల లెక్క

ఇప్పుడు వెనుకనుండి లెక్కింతము. పదవదినము ఉదయము ఇల్లు చేరవలెనన్నచో, తొమ్మిదవదినమున విమానముపై కలకత్తా వచ్చి రాత్రి బండి ఎక్కవలయును. ఆ విమానము తప్పరాదు గనుక ఎనిమిదవదినముననే స్వరాజ్ ద్వీపమునుండి శ్రీవిజయపురము చేరియుండవలయును. ఆనాడు నీట మునుగరాదు. సెల్యులర్ జైలు చూడవచ్చును. 1896 మొదలు 1906 వరకు కట్టిన ఆ చెరసాలకు ఏడు వరుసలుండగా నేడు మూడు మాత్రమే మిగిలినవి. ద్వీపాంతరమను మాటకు అర్థము పిల్లలకు అచ్చటనే తెలియును.

ఏడవదినము ఖాళీ దినము. ఇదియే ఈ లెక్కకు ఆధారస్తంభము. అయిదవ, ఆరవ దినములలో గాలివలన సముద్రము మూతపడినచో ఏడవదినమున మునుగవచ్చును. విమానము తొమ్మిదవదినమున గనుక కావలసిన వ్యవధి అప్పటికిని మిగులును. అంతయు సవ్యముగ సాగినచో ఆనాడు రాధానగర తీరమున చెట్లనీడను కూర్చుండి విశ్రమింపవచ్చును. ఆరవదినమున రెండవసారి మునుగుట. అయిదవదినమున నిస్సారపు నీటిలో అభ్యాసము, పిమ్మట మొదటిసారి మునుగుట. నాలుగవదినమున ఓడపై దీవి చేరుట. మూడవదినమున విమానముపై శ్రీవిజయపురము చేరుట. రెండవదినమున కలకత్తాలో విశ్రాంతి. మొదటిదినమున ఇంటినుండి బయలుదేరుట.

పదిదినములు దొరకని కుటుంబములు మునుగు దినములు తగ్గించుకొనవలెనే గాని ఖాళీ దినమును తీసివేయరాదు. ఖర్చు లెక్కయందును ఇదే నీతి. విమానము, వసతి, ఓడ, మునుగుట అను నాలుగు పద్దులతోపాటు, దీవిలో ఒకటి రెండు దినములు అధికముగ నిలువవలసివచ్చినచో అగు ఖర్చును అయిదవ పద్దుగ వ్రాసికొనవలయును. కొంత నగదు చేతనుండుట మంచిది. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భమున తీగ వేసినది మొదలు టెలిఫోను, ఇంటర్నెట్టు మెరుగైనవి. ఐనను చిన్న దీవులలో అన్ని వేళల పనిచేయునని నమ్ముకొనరాదు.

దీవిలో దినచర్యకు ఆటుపోటులే పంచాంగము. సముద్రము దినమునకు రెండుమార్లు పొంగి రెండుమార్లు తీయును; ఆ వేళ ప్రతిదినము ఇంచుమించు 50 నిమిషములు జరుగుచుండును. అమావాస్యకు, పూర్ణిమకు పోటు హెచ్చు. తూర్పు ఒడ్డున నీరు తీసినపుడు రాళ్లు బయలుపడి స్నానమునకు వీలుకాదు. ఏ దినమున ఏ వేళకు పోటు వచ్చునో బసవారిని అడిగి, ఆ ప్రకారము స్నానపువేళ ఏర్పరచుకొనుడు.

దీవిలో మన నడవడి

పగడమును తాకరాదు, దానిపై నిలువరాదు. ఏండ్లతరబడి పెరిగిన కొమ్మ ఒక్క కాలి తాకిడికి విరుగును. 2010లోను, 2016లోను సముద్రము మితిమీరి వేడెక్కుటచే అండమానున పగడములు చాలవరకు తెల్లబడినవి. అట్లు కృశించినవానికి మన తాకిడి మరింత చేటు. పగడపు ముక్క ఒడ్డున పడియున్నను ఏరి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. విమానాశ్రయమున సంచులు వెదకుదురు. మేనికి నూనెలు, లేపనములు దట్టముగ పూసికొని నీట దిగుటకంటె నిడుపు చేతుల చొక్కా తొడుగుట దేహమునకును పగడమునకును మేలు. మొసళ్ల హెచ్చరిక పలక యున్నచోట ఎంత తేటనీరైనను దిగరాదు. 2010లో స్వరాజ్ ద్వీపముననే ఒక యాత్రికురాలు మొసలివాత పడినది. జరవాలు మొదలగు ఆదివాసుల వనములు నిషిద్ధ ప్రదేశములు. వారిని చూచుటకు పోవుటయు, ఛాయాచిత్రములు తీయుటయు చట్టవిరుద్ధము, మర్యాదయును కాదు.

తుదకు మనకు ప్రత్యేకముగ సంతోషము గూర్చు సంగతి యొకటి. 2011 జనాభా లెక్కలలో అండమాను నికోబారు దీవుల జనసంఖ్య సుమారు 3,80,000. అందు నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములనుండి చేపలవేటకును, కూలికిని, వర్తకమునకును పోయి స్థిరపడినవారు అధికము. వారి పిల్లల కొరకు తెలుగు మాధ్యమపు ప్రభుత్వ పాఠశాలలును అచ్చట ఏర్పడినవి. మనవలెనే వారును ఇంట తెలుగు, వీధిలో మరియొక భాష పలుకువారు. శ్రీవిజయపురపు చేపల అంగడిలో మన పిల్లలు తెలుగున పలుకరించినచో, "ఏ ఊరు బాబూ మీది?" అను మాట ఇచ్ఛాపురపు యాసలో వినవచ్చినను ఆశ్చర్యపడనక్కరలేదు. ఇంటిభాష పొలిమేర దాటగనే పనికిరాదని తలచు బిడ్డకు, సముద్రము దాటినను పనికివచ్చునని అచ్చట తెలియును.

కావున యాత్ర తలపెట్టు తల్లిదండ్రులు నేడే చేయదగిన పనులు మూడు: పిల్లలను ఈతకు పంపుట, ఆరోగ్యపత్రమును వైద్యునకు చూపుట, తిరిగివచ్చు తేదీనుండి వెనుకకు లెక్క కట్టుట. ఆ లెక్కలో ఖాళీ దినము ఇముడకున్నచో ఈ యేడు మానుకొని వచ్చు యేటికి ఉంచుకొనుడు. సముద్రము ఎచ్చటికిని పోదు. బిడ్డలు క్షేమముగ ఇల్లు చేరుటయే యాత్రకు ఫలము.